మెత్తటి అల్యూమినియం సెక్షన్‌ను పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో పెట్టి గట్టిపరచవచ్చా?

ప్రశ్న: కావలిలో కిటికీలు, పార్టిషన్లు చేసే షాపు మాది. ఈసారి వచ్చిన 6063 (కిటికీలకు వాడే అల్యూమినియం రకం) సెక్షన్ మెత్తగా ఉంది, స్క్రూ బిగిస్తే మర తెగిపోతోంది. సప్లయర్‌ని అడిగితే "ఏజింగ్ (ఓవెన్ వేడితో గట్టిపరచడం) తక్కువైనట్టుంది, ఓవెన్‌లో ఓ గంట పెట్టుకోండి" అంటున్నాడు. మా పక్కనే పౌడర్ కోటింగ్ షెడ్డు ఉంది. 200 డిగ్రీల్లో గంట పెడితే చాలా? ఇంకోటి, సముద్రం వైపు ఒక ఇంటికి పెట్టిన పెద్ద కిటికీ గాలికి ఊగుతోంది. అదీ దీనివల్లేనా?

జవాబు:

చాలొచ్చు, చాలకపోవచ్చు. ఆ సెక్షన్ ప్రెస్‌లోంచి (వేడి అల్యూమినియాన్ని డై అనే అచ్చులోంచి తోసే యంత్రం) బయటికొచ్చిన రోజు ఎంత త్వరగా చల్లారిందన్నదాని మీద ఉంది అదంతా. చెన్నై వైపు ఒక ఎక్స్‌ట్రూజన్ ప్లాంటులో తొమ్మిదేళ్లు ఏజింగ్ ఓవెన్ దగ్గరే పనిచేశాను. ఇప్పుడు నెల్లూరు ఆటోనగర్‌లో మీలాగే ఫ్యాబ్రికేషన్ చేసుకుంటున్నాను. మీ సప్లయర్ చెప్పిన మాట అప్పట్లో నేనూ చాలాసార్లు విన్నాను.

కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన గడ్డపార మొనను నీళ్లలో ముంచగానే గట్టిపడుతుంది కదా. అల్యూమినియం అలా కాదు, చల్లార్చిన వెంటనే మెత్తగా ఉంటుంది. 6063లో మెగ్నీషియం, సిలికాన్ ఒక్కొక్కటి సుమారు అర శాతం ఉంటాయి. డై దాటి 500 డిగ్రీల పైన బయటికొచ్చేటప్పుడు ఆ రెండూ వేడి పాకంలో పంచదార లాగా లోహంలో కరిగిపోయి ఉంటాయి. గబగబా చల్లారిస్తే అలాగే ఇరుక్కుపోతాయి. తర్వాత ఓవెన్‌లో 175 నుంచి 205 డిగ్రీల మధ్య నిదానంగా వేడి చేస్తే, కంటికి కనపడనంత సన్నటి రవ్వలుగా లోపలంతా పేరుకుంటాయి. లోహం పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా అవే అడ్డం పడతాయి. మనం బలం అంటున్నది దాన్నే. మెల్లగా చల్లారితే మాత్రం ఆ రవ్వ అప్పుడే ముద్దలు ముద్దలుగా విడిపోతుంది, ఓవెన్‌కి చేయడానికి ఇక పనేమీ మిగలదు.

ఓవెన్ లేకుండా ఊరికే పడేసినా కొంత గట్టిపడుతుంది. 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ రాగి కలిపిన అల్యూమినియంలో దీన్ని కనిపెట్టాడు. ముక్కను రెండు రోజులు పక్కన పెట్టి మళ్లీ కొలిస్తే గట్టిగా ఉందట. మన చేపల పులుసు మర్నాటికి రుచి పెరిగినట్టు. కానీ 6063 అలా ఊరికే పెడితే టీ4 అనే మెత్తటి స్థాయి దగ్గరే ఆగిపోతుంది. కిటికీల పనికి టీ5, టీ6 అనే గట్టి స్థాయిలు కావాలంటే ఓవెన్ తప్పదు.

ఇప్పుడు నా అనుభవం. ఒక మే నెల రాత్రి షిఫ్టులో కాస్త మందం సెక్షన్ నడిచింది. పొద్దున లోడు నా ఓవెన్‌కి వచ్చింది. 185 డిగ్రీల్లో ఆరు గంటలు పెట్టాను, చార్టులో గీత గీసినట్టు సాఫీగా వచ్చింది. బయటికి తీసి వెబ్‌స్టర్ గేజ్‌తో (గట్టిదనం కొలిచే చేతి పరికరం) నొక్కితే 6 దాటలేదు. మేము 10 కన్నా తక్కువ వస్తే లోడు వదిలేవాళ్లం కాదు. అందరూ నా మీద పడ్డారు. సూపర్‌వైజర్ మళ్లీ పెట్టమన్నాడు, పెట్టాను. అంకె కదల్లేదు. మూడోసారి పెట్టమంటే నాకూ కోపం వచ్చి ప్రెస్ దగ్గరికెళ్లి చూశాను. సెక్షన్ బయటికొచ్చే టేబుల్ కింద రెండు ఫ్యాన్లు రాత్రంతా ఆగిపోయి ఉన్నాయి. ఎండాకాలం, అసలే షెడ్డులో ఉడుకు, దానికి తోడు మందం సెక్షన్. ఎప్పటికి చల్లారాలి? లోడంతా మళ్లీ కరిగించడానికి పోయింది. నా పేరు మాత్రం రిజిస్టర్‌లో అలాగే ఉండిపోయింది, ఆ సంగతి వదిలేద్దాం.

పలుచని 6063కి ఫ్యాన్ గాలి సరిపోతుంది. మందం ఎక్కువైతే, 6061 అనే ఇంకో రకం అయితే, నీళ్లు కొట్టాల్సిందే. మీ సెక్షన్‌కి ఆ పని సరిగ్గా జరిగి ఏజింగే తక్కువైతే, మీ ఓవెన్ పనికొస్తుంది.

అలాగని లాటంతా ఒకేసారి లోపలికి తోయకండి. ముందు ఒక అడుగు ముక్క కోసి పెట్టండి. పౌడర్ కోటింగ్‌లో ముక్క వేడిలో ఉండేది పది, ఇరవై నిమిషాలే, ఏజింగ్‌కి అది ఏ మూలకీ రాదు. 175 డిగ్రీలైతే ఎనిమిది గంటలు, 185 అయితే ఐదారు గంటలు, 205 దగ్గర గంటా రెండు గంటలు. గంటలు లెక్కపెట్టేది ఓవెన్ వేడెక్కినప్పటి నుంచి కాదు, లోహం ఆ వేడికి చేరినప్పటి నుంచి. అందుకే థర్మోకపుల్‌ని (వేడి కొలిచే తీగ) గాలిలో వేలాడదీయకుండా సెక్షన్‌కే తగిలించాలి. పొరకీ పొరకీ మధ్య స్పేసర్లు పెట్టకపోతే బయటివి గట్టిపడి నడిమివి పచ్చిగా ఉంటాయి. త్వరగా అవుతుందని 230, 240కి పెంచితే రవ్వ పెద్దదై బలం తగ్గిపోతుంది. అప్పుడు మళ్లీ 520 డిగ్రీల దాకా కాల్చి చల్లార్చాలి, మన షెడ్లలో అయ్యే పని కాదు. వంచాల్సిన ముక్కలుంటే ఓవెన్‌లో పెట్టకముందే వంచుకోండి, తర్వాతైతే పగుళ్లు వస్తాయి.

ముక్క చల్లారాక గేజ్ పెట్టి చూడండి. పెరిగితే మిగతావీ పెట్టుకోవచ్చు. పెరగకపోతే కరెంటు ఖర్చు మీకు, లాభం సప్లయర్‌కి. సరుకు వెనక్కి పంపండి.

కిటికీ ఊగడం వేరే సంగతి. టీ6 చేసినా అల్యూమినియం గాలికి వంగేది అంతే వంగుతుంది, శాశ్వతంగా వంకరపోవడం ఒక్కటే ఆలస్యమవుతుంది. ఇనుముతో పోలిస్తే దీని బిగువు మూడో వంతే, ఏ ఓవెన్ కూడా దాన్ని మార్చలేదు. నడుమ నిలువు సెక్షన్‌ని లోతు ఎక్కువున్నదానికి మార్చండి. లోతు రెట్టింపైతే ఊపు చాలా తగ్గుతుంది. మైపాడు దగ్గర ఒక ఇంటికి నేను అలాగే మార్చాను, గాజు కూడా విప్పకుండా వెనకాల ఇంకో సెక్షన్ కలిపి బిగించాను.

గేజ్ దొరక్కపోతే ఓవెన్‌లో పెట్టిన ముక్క, పెట్టని ముక్క రెండూ ఆటోనగర్‌కి పట్టుకురండి, పది నిమిషాల్లో తేల్చేద్దాం.