ఫిబ్రవరి షాక్, ఫ్రిజ్ షాక్ ఒకటి కావు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటి గోడు ఒకటే: ముట్టుకుంటే షాక్. శివరాత్రి రోజుల్లో బెంగళూరు గాలి ఎంత ఎండిపోతుందో ఇక్కడ ఉండేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. రాత్రి లైటు తీశాక దుప్పటి లాగితే చిటపటమని రవ్వలు కనిపిస్తాయి. ఈ ఊరి కాలేజీలో ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పినదాన్ని కాబట్టి ఇలాంటి ఉత్తరాలంటే నాకు ఇష్టమే. ఒక ఉత్తరం మాత్రం చదవగానే కంగారు పుట్టింది. అందుకే దాన్ని ముందు తీసుకుంటున్నాను.

ప్రశ్న: మేం చెన్నై నుంచి ఇక్కడికి మారాం. అక్కడ ఎప్పుడూ ఎరగం కానీ, ఇక్కడ ఈ నెలంతా తలుపు గొళ్ళెం పట్టుకున్నా, కారు దిగినా, పాపను ఎత్తుకున్నా ఠప్పుమని కొడుతోంది. పొద్దున్నే ఇల్లు తుడిచాక వట్టికాళ్ళతో వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీస్తే కూడా చెయ్యి జివ్వుమంటోంది. మావారు అన్నీ ఒకటేలే, వానలు పడితే పోతాయిలే అంటున్నారు. నిజమేనా మేడమ్?
— ఓ గృహిణి, మారతహళ్ళి

జవాబు: కాదమ్మా. గొళ్ళెం షాక్ వేరు, ఫ్రిజ్ షాక్ వేరు. మొదటిది మామిడి జల్లులు పడగానే పోతుంది. రెండోది తనంతట తాను పోదు, తేమ పెరిగితే ఇంకా ముదురుతుంది. ముందు చెప్పులు వేసుకుని, పొడి చేత్తో స్విచ్ ఆపి, ఫ్రిజ్ ప్లగ్ తీసేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మళ్ళీ పెట్టకండి. లోపలి పాలూ పెరుగూ పోతే పోనివ్వండి. ఆ తర్వాత మిగతాది చదవండి.

రెండు వస్తువులు తగిలి విడిపోయినప్పుడు ఒకదానిలోని కొన్ని ఎలక్ట్రాన్లు రెండోదాని మీదికి వెళ్ళిపోతాయి. పోగొట్టుకున్నదానికి ధనావేశం, తెచ్చుకున్నదానికి ఋణావేశం. పాలియెస్టర్ కుర్తీ కారు సీటుకు రాసుకుంటూ దిగినా, ప్లాస్టిక్ చెప్పులతో టైల్స్ మీద నడిచినా జరిగేది ఇదే. ఇలా చెన్నైలోనూ జరిగింది. కాకపోతే సముద్రపు గాలికి బట్టల మీదా, చెప్పుల మీదా, నేల మీదా కంటికి కనిపించనంత పల్చని నీటి పొర పట్టి ఉంటుంది. ఆవేశం ఎప్పటికప్పుడు ఆ పొర మీదుగా నేలలోకి జారిపోతుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాలు గాలిలో తేమ 30 శాతానికి కూడా దిగుతుంది. ఆ పొర ఇక నిలవదు, ఆవేశం ఒంటి మీదే ఉండిపోతుంది. కాలేజీలో స్వర్ణపత్ర విద్యుద్దర్శిని (ఆవేశం ఉంటే బంగారు రేకులు విచ్చుకుని చూపించే పరికరం) ప్రయోగాన్ని నేను ఈ రోజుల్లోనే పెట్టేదాన్ని. వానాకాలంలో పెడితే విచ్చుకున్న బంగారు రేకులు పిల్లలు చూసేలోపే ముడుచుకునేవి.

ఇక గొళ్ళెం సంగతి. గాలిలో ఒక మిల్లీమీటరు దూరం రవ్వ దూకాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి. వేలికీ గొళ్ళేనికీ మధ్య మూడు మిల్లీమీటర్ల రవ్వ మెరిసిందంటే మీ ఒంటి మీద దాదాపు 10,000 వోల్టులు ఉన్నట్టే. ఇంట్లో వచ్చే కరెంటు 230 వోల్టులే. మరి 230 మనిషి ప్రాణం తీస్తుంటే 10,000 ఎందుకు తీయదు?

వోల్టులు ఎంత గట్టిగా తోస్తున్నాయో చెబుతాయి, ఎంతసేపు తోయగలవో చెప్పవు. మనిషి ఒంటి మీద 10,000 వోల్టుల దగ్గర కూడా నిలవుండే ఆవేశం ఒక కూలుంబ్‌లో (ఆవేశాన్ని కూలుంబ్‌లలో కొలుస్తాం) పది లక్షలో వంతు మాత్రమే. మీ ఫోన్ ఛార్జర్ ఒక ఆంపియర్ ఇస్తోందంటే సెకనుకు ఒక కూలుంబ్ పంపుతోందని అర్థం. పోల్చి చూసుకోండి. మీ వేలి నుంచి ఆ కాస్తా రెప్పపాటు కంటే ఎంతో ముందే గొళ్ళెంలోకి పోతుంది, అంతటితో సరి. ఫ్రిజ్ వెనకాల మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. పట్టుకున్నంతసేపూ అది తోస్తూనే ఉంటుంది. ఒంట్లోంచి ఒక మిల్లీ ఆంపియర్ పోతే జివ్వుమంటుంది. 10, 15 దాటితే చేతి కండరాలు బిగుసుకుని, వదిలేద్దామన్నా వదలలేం. 50 దాటి ఛాతీ మీదుగా ఒకటి రెండు సెకన్లు పోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. చర్మం తడిగా ఉంటే ఒంటి నిరోధం 1000 ఓముల దాకా పడిపోవచ్చు. 230ని 1000తో భాగించండి, వచ్చేది 230 మిల్లీ ఆంపియర్లు. ఇవాళ మీకు జివ్వుమని ఆగిందంటే ఫ్రిజ్ లోపల లీకు ఇంకా చిన్నదిగా ఉందన్నమాట. రేపూ అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

గొళ్ళెం దగ్గర కొట్టేదాన్ని స్టాటిక్ షాక్ అంటారు, ఒంటి మీద నిలిచిన ఆవేశం కొట్టేది. అది ఒక్క దెబ్బే. వెంటనే మళ్ళీ ముట్టుకుంటే ఏమీ ఉండదు. పైగా అది చెప్పులు వేసుకున్నప్పుడే ఎక్కువ, ఎందుకంటే చెప్పులు ఆవేశాన్ని నేలకు పోనివ్వవు. కరెంటు షాక్ తీరు సరిగ్గా దీనికి ఎదురు. వట్టికాళ్ళు, తడి నేల ఉంటే వస్తుంది, పట్టుకున్నంతసేపూ ఉంటుంది. "ఇల్లు తుడిచాక వట్టికాళ్ళతో" అని మీరు రాసిన మాట దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. అలాగని తేల్చుకోవడానికి ఫ్రిజ్‌ను మళ్ళీ ముట్టుకోకండి.

ఎలక్ట్రీషియన్ రాగానే సాకెట్‌లో ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ) నిజంగా ఉందా అని చూడమనండి. అద్దె ఇళ్ళల్లో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది కానీ పై కన్నం వెనక తీగే ఉండని చోట్లు చాలా ఉన్నాయి. కొందరు ఆ కన్నానికి న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) చుట్టి "ఎర్త్ అయిపోయింది" అంటారు. దానికి అస్సలు ఒప్పుకోకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున ఫ్రిజ్ రేకు మొత్తం 230 వోల్టులకు ఎక్కుతుంది. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ లేకపోతే ఓనరుతో గట్టిగా మాట్లాడి పెట్టించండి. వెళ్ళే కరెంటు, తిరిగొచ్చే కరెంటు సమానంగా ఉన్నాయో లేదో అది కనిపెడుతూ ఉంటుంది. మనిషి ఒంట్లోంచి నేలలోకి పోయి తేడా వచ్చిందంటే సెకనులో మూడో వంతు లోపే లైను తెంపేస్తుంది. మామూలు ఎంసీబీ (తీగలో కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఈ పని చెయ్యదు. ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

గొళ్ళెం షాక్‌కు మందు తేలిక. చేతిలో తాళంచెవిని ముందు గొళ్ళేనికి తగిలించండి. రవ్వ చెవి కొన మీదే పడుతుంది, మీకు నొప్పి తెలీదు. కారు దిగేటప్పుడు సీట్లోంచి లేవకముందే తలుపు దగ్గరి ఇనుప ఫ్రేము పట్టుకుని, కాళ్ళు నేల మీద ఆనాక వదలండి.

ప్రశ్న: ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు లాప్‌టాప్ అల్యూమినియం మూత మీద చెయ్యి రాస్తే సన్నగా గరగరలాడినట్టు ఉంటోంది. ఇదీ స్టాటికేనా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెళ్ళందూరు

జవాబు: ఛార్జర్ తీస్తే పోతోందా? పోతుంటే స్టాటిక్ కాదు. రెండు పిన్నుల అడాప్టర్‌లో రేడియో రొదను అణచడానికి ఒక చిన్న కెపాసిటర్ (ఆవేశాన్ని నిలవ చేసే భాగం) పెడతారు. దాని గుండా మిల్లీ ఆంపియర్‌లో కొద్ది వంతు లాప్‌టాప్ రేకులోకి వస్తుంది, మీ వేళ్ళకు తగులుతున్నది అదే. అసలు ఛార్జర్ అయితే భయం లేదు. ఆ కెపాసిటర్ పాడైనా లోపల రెండు కొసలూ కలిసిపోకుండా తయారుచేస్తారు. ఫుట్‌పాత్ మీద కొన్న నకిలీ ఛార్జర్‌లో అలాంటిదే పెట్టారన్న నమ్మకం లేదు, దాన్ని పారేయండి. మూడు పిన్నుల తీగ, ఎర్త్ ఉన్న సాకెట్ వాడితే గరగర పోతుంది.

ప్రశ్న: మాది మదనపల్లె. బొమ్మసంద్రలో సర్క్యూట్ బోర్డులు తయారుచేసే చోట ట్రైనీగా చేరాను. రిస్ట్ స్ట్రాప్ (మణికట్టుకు కట్టుకునే పట్టీ) లేకుండా బోర్డు పట్టుకున్నానని సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టారు. నాకు షాకేమీ కొట్టలేదు, బోర్డు టెస్ట్‌లో పాసైంది కూడా. పైగా స్ట్రాప్‌తో ఎర్త్‌కి కట్టేసి ఉంటే, పొరపాటున కరెంటు తగిలినప్పుడు మాకే ప్రమాదం కదా మేడమ్?
— ఓ ట్రైనీ, హెబ్బగోడి

జవాబు: అందరి ముందూ తిట్టడం తప్పే తల్లీ, కారణం చెప్పి ఉండాల్సింది. నేను చెబుతాను.

3000 వోల్టుల లోపు స్టాటిక్ మన ఒంటికి దాదాపు తెలియదు. నువ్వు పట్టుకునే చిప్‌లో ట్రాన్సిస్టర్ గేట్ కింద ఉండే ఆక్సైడ్ పొర (కరెంటును అడ్డుకునే పొర) మందం నానోమీటర్లలో, అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతుల్లో ఉంటుంది. 100 వోల్టులకే చిల్లు పడే భాగాలు ఉన్నాయి. అంటే నీకు చీమ కుట్టినంత కూడా తెలియని దెబ్బకు చిప్ చచ్చిపోవచ్చు. పూర్తిగా చస్తే నయం, టెస్ట్‌లో బయటపడుతుంది. సగం దెబ్బతిన్నది ఆ రోజు పాసై, కొన్నాళ్ళకు ఎవరి ఇంట్లోనో, ఏ ఆసుపత్రి యంత్రంలోనో ఆగిపోతుంది. నీ చేతి మీదుగా వెళ్ళిన బోర్డు ఎక్కడికి పోతుందో నీకు తెలీదు కదా.

నీ రెండో ప్రశ్న ఇంకా బాగుంది, ఇంత ఆలోచించినందుకు మెచ్చుకుంటున్నాను. స్ట్రాప్‌ను తిన్నగా ఎర్త్‌కి కలపరు. మధ్యలో ఒక మెగా ఓము, అంటే పది లక్షల ఓముల రెసిస్టర్ ఉంటుంది. పొరపాటున 230 వోల్టుల తీగ తగిలినా స్ట్రాప్ దారిలో పోయేది 0.23 మిల్లీ ఆంపియర్లే, అది నీకు తెలియను కూడా తెలియదు. అంత పెద్ద నిరోధం ఉంటే స్టాటిక్ బయటికి పోవడానికి ఆలస్యం కాదా అంటావేమో. ఒంటి మీద ఉన్నది ఎంతో కొద్ది ఆవేశం కాబట్టి సెకనులో వెయ్యో వంతులోనే ఖాళీ అవుతుంది. కరెంటును ఆపుతూ స్టాటిక్‌ను వదిలే ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. అందుకే షిఫ్ట్‌కు ముందు స్ట్రాప్ టెస్టర్ మీద వేలు పెట్టి పచ్చ లైటు చూసుకోవడం మానకు. లోపల తీగ తెగినా పైకి కనిపించదు.

ప్రశ్న: మా సైన్స్ బుక్‌లో స్థిర విద్యుత్ ఒక పాఠం, విద్యుత్ ప్రవాహం ఇంకో పాఠం. ఇవి రెండు రకాల విద్యుత్తులా? 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి మా ఊరి గనులకు కరెంటు వచ్చిందని తాతయ్య చెబుతారు. అక్కడ బయల్దేరిన ఎలక్ట్రాన్లు ఇక్కడికి ఎంతసేపట్లో వచ్చేవి?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు)

జవాబు: ఒకటే విద్యుత్తు నాయనా. ఆవేశం కదలకుండా ఉంటే స్థిర విద్యుత్, దారి దొరికి కదిలితే ప్రవాహం. 1729లో ఇంగ్లండ్‌లో స్టీఫెన్ గ్రే రుద్దిన గాజు గొట్టం నుంచి ఆవేశాన్ని జనపనార తాడు గుండా వందల అడుగుల దూరం పంపాడు. తాడును పట్టుదారాలతో వేలాడదీస్తే పోయింది, ఇత్తడి తీగలతో వేలాడదీస్తే మధ్యలోనే జారిపోయింది. వాహకాలు, బంధకాలు అన్న తేడా అలా తెలిసింది. కానీ రుద్ది పుట్టించింది క్షణంలో అయిపోయేది. ఆగకుండా తోసే సాధనం 1800లో వోల్టా చేతిలో తయారైంది: జింకు బిళ్ళ, వెండి బిళ్ళ, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క, ఇలా దొంతరగా పేర్చాడు. రుద్దితే పుట్టేదీ, బ్యాటరీలోదీ, అయస్కాంతంతో పుట్టేదీ ఒకటేనని 1833లో ఫారడే ప్రయోగాలు చేసి చూపించాడు.

ఇక మీ ఊరి ఎలక్ట్రాన్లు. ఒక ఘన మిల్లీమీటరు రాగిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఎన్నో తెలుసా? 85 పక్కన 18 సున్నాలు పెట్టు. అన్ని ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కటి పరుగెత్తనక్కర్లేదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో 5 ఆంపియర్ల డీసీ కరెంటు (ఒకే దిక్కుకు పోయేది) పోతుంటే అవి ముందుకు జరిగేది సెకనుకు పావు మిల్లీమీటరు, గంటకు 90 సెంటీమీటర్లు. మరి స్విచ్ వెయ్యగానే లైటు ఎలా వెలుగుతుంది? రథోత్సవంలో మోకు లాగడం చూసే ఉంటావు. ముందు వరస వాళ్ళు లాగగానే వెనక రథం కదులుతుంది, వాళ్ళు నడిచేది మాత్రం మెల్లగానే. తీగలో ఆ లాగుడు దాదాపు కాంతి వేగంతో పోతుంది.

శివనసముద్రం నుంచి కోలారు గనులకు దాదాపు 150 కిలోమీటర్లు లాగిన లైను ఏసీ లైను. ఏసీలో ఎలక్ట్రాన్లు ముందుకే పోవు, ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతాయి. ఇందాకటి తీగలోనే మన 50 హెర్ట్‌జ్ కరెంటు పోతే ఆ ఊగడం మిల్లీమీటరులో వెయ్యో వంతు మాత్రమే. కాబట్టి అక్కడి ఎలక్ట్రాన్లు మీ ఊరికి రానే లేదు. గనుల్లో యంత్రాలు నడిపింది అక్కడి తీగల్లో ముందునుంచీ ఉన్న ఎలక్ట్రాన్లే. 1905లో బెంగళూరు వీధి దీపాలు వెలిగింది కూడా శివనసముద్రం కరెంటుతోనే. మీ ఊరి తర్వాతే మా ఊరు, తాతయ్యతో చెప్పు.

ప్రశ్న: పెట్రోల్ డబ్బాను బండి మీదే ఉంచి పట్టమంటే బంకులో ఒప్పుకోలేదు. ఎందుకు?
— యశవంతపుర పాఠకుడు

జవాబు: బంకువాళ్ళు మంచి పని చేశారు. గొట్టంలో పారే పెట్రోలు కూడా ఆవేశాన్ని పోగేస్తుంది. డబ్బా బండి మీద ఉంటే ఆ ఆవేశం నేలకు పోయే దారి ఉండదు. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి పావు మిల్లీ జౌల్ చాలు. మనకు గొళ్ళెం దగ్గర తగిలే రవ్వలో అయిదు మిల్లీ జౌళ్ళ దాకా ఉంటుంది. పెట్రోలుకు సరిపడే లోహపు డబ్బా తీసుకెళ్ళి, నేల మీద పెట్టి, గొట్టం మూతి డబ్బా అంచుకు ఆనించి పట్టించుకోండి.

ప్రశ్న: రాగి ఉంగరం పెట్టుకుంటే ఈ షాకులు పోతాయంటున్నారు. నిజమా?
— ఓ పెద్దాయన, రాజాజీనగర్

జవాబు: పోవండి. ఉంగరం వేలికి ఉంది కానీ నేలకు కలిసి లేదు కదా, ఒంటి మీది ఆవేశం ఎక్కడికీ పోదు. ఇప్పటికే కొని ఉంటే గొళ్ళెం పట్టుకునే ముందు ఆ ఉంగరాన్ని దానికి తగిలించండి, తాళంచెవి చేసే పని అదీ చేస్తుంది.