కథ గొంతుకు పేరు పెట్టేటప్పుడు

చిట్టితల్లికి,

నువ్వు పంపిన సమీక్ష రాత్రి రెండుసార్లు చదివాను. కథను బాగానే పట్టుకున్నావు. కానీ మొదటి పేరాలోనే ‘ఈ కథ విషాదభరితమైన స్వరాన్ని కలిగి ఉంది’ అన్నావు. అక్కడే ఆగిపోయాను. టోన్, మూడ్ చెప్పడానికి తెలుగులో మాటలు దొరకడం లేదత్తా, ఒక లిస్టు పంపు అని అడిగావు కదా. ఉత్త లిస్టు పంపితే అందులోంచి ఒకటి ఏరి అతికించేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ కథే చూద్దాం. ఊరు ముంపులో పోతోంది. సామాను ఎక్కించడానికి లారీ వచ్చి నిలబడింది. ఆ పొద్దున కూడా ముసలామె వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసింది. ఒక చుక్క పక్కకు పోతే చెరిపి మళ్లీ పెట్టింది. రచయిత ఎక్కడా ‘పాపం’ అనలేదు. ఆమె కళ్లు తుడుచుకుందని కూడా రాయలేదు. రోజూ జరిగే పనిని చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాడు. మరి విషాదం ఎక్కడుంది? చదివిన నీలో ఉంది. చెప్పే గొంతులో ఉన్నది నిబ్బరం. నీకు మిగిలింది దిగులు. ఆ నిబ్బరం టోన్, ఈ దిగులు మూడ్. మొదటిదాన్ని గొంతు అను, ధోరణి అను. రెండోదాన్ని కథలోని వాతావరణం అనడం మనకు అలవాటే. మూడ్ అనే రాసినా నేను తప్పు పట్టను. రెంటినీ కలిపేస్తే మాత్రం, అంత ఉగ్గబట్టుకుని రాసిన మనిషి కష్టం నీ సమీక్షలో కనపడకుండా పోతుంది.

ఈ తేడా మన పాతవాళ్లకు తెలుసు. నాట్యశాస్త్రంలో భరతుడు భావాన్నీ రసాన్నీ విడిగా చెప్పాడు. పాత్రలో ఉన్నది శోకం, చూసేవాడికి అందేది కరుణ. పాత్రలో క్రోధం, చూసేవాడికి రౌద్రం. ఆయన చెప్పిన రసాలు ఎనిమిదే, తరవాతివాళ్లు శాంతాన్ని చేర్చి తొమ్మిది చేశారు. ఆ తొమ్మిదీ నేర్చుకో, మంచిదే. కానీ అవి పెద్ద గంపలు. ముంపు ఊరి ముసలామె, పరీక్ష తప్పిన పిల్లాడు, పెళ్లి కుదరని అమ్మాయి అందరూ ఒకే గంపలో పడిపోతారు.

నీకు కావాల్సిన సన్నపాటి మాటలు ఇంట్లో వినపడేవే. పుల్లవిరుపు మాట ఒక్కటే కాదు, అందులో ఎన్ని రకాలున్నాయో చూడు. ఎప్పుడో చేసిన సాయాన్నో తప్పునో పదే పదే గుర్తుచేస్తే దెప్పడం. అవతలి మనిషి లోపాన్ని వేలు పెట్టి చూపినట్టు అంటే ఎత్తిపొడుపు. తక్కువ చేసి నవ్వితే హేళన. పొగుడుతున్నట్టే పొగుడుతూ గాలి తీసేస్తే వెటకారం. వ్యంగ్యం వీటన్నిటికన్నా విశాలమైనది. అన్న మాట ఒకటి, అందాల్సిన అర్థం ఇంకొకటి అయితే అది వ్యంగ్యం, అందులో నవ్వు లేకపోయినా సరే. బావామరదళ్ల మధ్య నడిచేది పరాచికం. దాన్ని వెటకారం అంటే ఆ చనువును నువ్వు చూడలేదని అర్థం.

ఇక నిష్ఠూరం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు దెబ్బ తగిలి నేర్చుకున్న మాట. నేను ఒక వారపత్రికలో కథలు చూసే రోజుల్లో ఒక కథకు పరిచయం రాశాను. సంక్రాంతికి రాని కొడుక్కి తల్లి రాసిన ఉత్తరం ఆ కథ. ‘నువ్వు రాలేదుగా, పర్లేదులే, నీ వాటా గారెలు పక్కింటి పిల్లలకు పెట్టాను’ అంటుంది తల్లి. నేను ‘తల్లి కోపం కథంతా పరుచుకుంది’ అని అచ్చు వేయించాను. వారం తిరక్కుండా రచయిత్రి నుంచి కార్డు వచ్చింది. కోపమైతే ఆ తల్లి అసలు ఉత్తరమే రాయదని, అది నిష్ఠూరమని రాశారావిడ. ఎంత నిజం! నిష్ఠూరం కావాల్సినవాళ్ల మీదే ఆడతాం. హక్కు ఉందనుకున్న చోటే ఆ మాట వస్తుంది. నేను కోపం అని ఆ తల్లిని కొడుక్కి దూరం చేసేశాను. అచ్చయిపోయింది, దిద్దడానికి లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే నీకు ఇంతగా చెబుతున్నాను.

గొంతు పట్టుకోవాలంటే వాక్యాన్ని పైకి చదువు. ముఖ్యంగా క్రియ చివరి అక్షరం విను. ‘వస్తాడు’ అంటే ఉత్త సమాచారం. ‘వస్తాడులే’ అంటే ఓదార్పు, లేదా ఆ సంగతి ఇంక వదిలెయ్ అన్న విసుగు. ‘వస్తాడుగా’ అంటే ధీమా. ‘వస్తాడట’ అంటే మాట మీద నమ్మకం లేదని, లేదా ఆ బాధ్యత నాది కాదని. ‘వస్తాడేమో’లో ఆశా ఉంది, గుబులూ ఉంది. అలాగే మీరు, నువ్వు. కథంతా మొగుణ్ణి ‘మీరు’ అన్న మనిషి ఆఖరి పేజీలో ‘నువ్వు’ అందంటే, గొంతు మారింది అక్కడే. ఆ మలుపు చూపించావా, నీ సమీక్షకు సగం విలువ అక్కడే వస్తుంది.

దుఃఖానికీ ఇంతే. ఫలానా మనిషి కోసం కొట్టుకుంటే బెంగ. కారణం చెప్పలేకపోతే దిగులు. ఉండాల్సింది లేకపోతే వెలితి. ఇంక దేని మీదా ఆశ లేకపోతే నిర్వేదం. తెలంగాణ కథ చదువుతుంటే అందులో రంది, బుగులు ఉంటాయి. వాటిని చింత, భయం అని మార్చకు, ఆ మాటలే వాడు.

రాసేటప్పుడు మాత్రం ‘స్వరాన్ని కలిగి ఉంది’ లాంటివి వద్దు. అలా ఎవరూ మాట్లాడరు. మన దగ్గర ఈ మాటలు చాలావరకు పనులే. దెప్పుతుంది, బుజ్జగిస్తుంది, గదమాయిస్తుంది, నిష్ఠూరమాడుతుంది. ఎవరు ఎవరిని అన్నారో కూడా ఆ వాక్యంలోనే వచ్చేస్తుంది. ‘హృద్యంగా’, ‘గుండెను పిండేసేలా’ అన్నవి కొన్నాళ్లు పక్కన పెట్టు. ఏ కథకైనా సరిపోయే మాట ఈ కథ గురించి ఏమీ చెప్పదు. పేరు పెట్టిన ప్రతిచోటా పక్కనే కథలోని వాక్యం ఒకటి చూపించు. చూపించలేకపోయావంటే ఆ పేరు కొట్టెయ్.

మాట దొరక్కపోతే టెన్షన్ పడకు. ఆ గొంతుతో మన ఇంట్లో ఎవరు మాట్లాడతారో ఆలోచించు. తెలియకపోతే నాకు ఫోన్ చేసి ఆ వాక్యం చదివి వినిపించు.

ఇప్పుడు ఆ మొదటి పేరా ఒక్కటి తిరగరాసి ఆదివారం లోపు పంపు. చుక్క చెరిపి మళ్లీ పెట్టిందే, ఆ వాక్యంతో మొదలుపెట్టు. మిగతా సమీక్ష అలాగే ఉంచు, బాగుంది.

మీ అత్తయ్య