పోకర్ శిబిరానికి 2,500 డాలర్లు కట్టాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారాంతాల్లో కార్డ్ రూమ్‌లో 1-3 డాలర్ల హోల్డెమ్ పోకర్ (పేకలు పంచకముందే పెట్టే తప్పనిసరి పందేలు 1, 3 డాలర్లు) ఆడతాను. లాస్ వేగస్‌లో ప్రొఫెషనల్ ఆటగాళ్లు మూడు రోజులు నేర్పే శిబిరానికి ఫీజు 2,500 డాలర్లు. క్రెడిట్ కార్డు బాకీ 6,000 ఉంది, వడ్డీ 24 శాతం. 401-కె (ఉద్యోగంలో దాచే రిటైర్మెంట్ ఖాతా) నుంచి అప్పు తీసుకుని వెళ్లొచ్చా?

జవాబు: 401-కె జోలికి వెళ్లకండి. ఉద్యోగం మారినా, పోయినా మిగిలిన అప్పును సాధారణంగా ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా తీర్చాలి. లేదంటే ఆ సొమ్ము వాడుకున్నట్టే లెక్కగట్టి పన్ను, పైగా ఆ సొమ్ములో 10 శాతం జరిమానా వేస్తారు. మీ కార్డు బాకీకి నెలకు 120 డాలర్లు వడ్డీకే పోతున్నాయి. ముందు అది తీరాలి.

ఇక శిబిరం సంగతి. విమానం, హోటల్, తిండి కలిపి ఖర్చు 3,500 అనుకుందాం. అక్కడ నేర్చుకున్నదానితో గంటకు ఒక బిగ్ బ్లైండ్ (ఆ తప్పనిసరి పందేల్లో పెద్దది), అంటే 3 డాలర్లు, అదనంగా గెలిచినా (అది చిన్న విషయమేమీ కాదు) పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు 1,170 గంటలు ఆడాలి. వారానికి 8 గంటల చొప్పున మూడేళ్లకు కొంచెం తక్కువ.

ఇప్పుడు మీరు గెలుస్తున్నారో ఓడుతున్నారో రాయలేదు. అసలు ప్రశ్న అదే. టెక్సస్ కార్డ్ రూముల్లో పాట్‌లోంచి (పోగైన పందేల సొమ్ములోంచి) కమీషన్ కోయరు, గంటల లెక్కన సీటు ఫీజు తీసుకుంటారు. గంటకు 12 డాలర్లు అనుకుంటే, మీ ఆటకు ఏడాదికి 5,000 దాకా అక్కడే పోతుంది. కొన్న చిప్స్, చివర్లో మార్చుకున్నవి, సీటు ఫీజు, టిప్స్, ఆడిన సమయం ప్రతిసారీ రాసుకోండి. కనీసం 200 గంటలు రాయండి. అదీ పూర్తి రుజువు కాదు: గంటకు 15 డాలర్లు గెలిచే మంచి ఆటగాళ్లలో కూడా 200 గంటల తర్వాత పదిమందిలో ఒకరు నష్టంలోనే ఉండొచ్చు. అందుకే శిబిరం నుంచి వచ్చాక ఒక మంచి వారాంతాన్ని చూసి పెద్ద ఆటకు మారకండి.

పన్ను కూడా కఠినమైంది. గెలుపును ఆదాయంలో చూపాల్సిందే. ఓటమిని ఐటమైజ్ చేస్తేనే (మినహాయింపులు విడివిడిగా చూపితేనే) తగ్గిస్తారు, 2026 నుంచి అందులోనూ 90 శాతమే. 10,000 గెలిచి 10,000 ఓడితే చేతిలో ఏమీ మిగలకపోయినా 1,000 మీద పన్ను కట్టాలి. దాని బదులు స్టాండర్డ్ డిడక్షన్ (ఒకే స్థిర మినహాయింపు) తీసుకుంటే మొత్తం 10,000 మీదా కట్టాలి. సరదాకి ఆడేవారికి శిబిరం ఫీజు ఖర్చుగా చూపే వీలు లేదు.

కార్డు తీరి, ఆరు నెలల ఖర్చులు బ్యాంకులో చేరి, ఆటకు విడిగా 9,000 (ఆటకు కూర్చునేటప్పుడు కొనే చిప్స్, అంటే బయ్-ఇన్, 300 చొప్పున 30 సార్లకు) పోగయ్యాక, విహారయాత్రకు దాచిన సొమ్ముతో వెళ్లండి. ఫీజు కట్టేముందు ఒక్కో శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులో, మీరు ఆడిన హ్యాండ్స్ చూసి తప్పులు చెబుతారో లేదో అడగండి. వట్టి ఉపన్యాసాలైతే కట్టొద్దు. అలాంటివి వీడియోల్లో ఉచితంగానే దొరుకుతాయి.

వెళ్లినా జేబుకు చిల్లు పడేది క్లాసులో కాదు, రాత్రుల్లో. పగలంతా పాఠాలు విని అలసిపోయి, కొత్త ధైర్యంతో పక్కనే ఉన్న 2-5 డాలర్ల పెద్ద ఆటలో కూర్చుంటారు. మూడు రాత్రులకు 600 డాలర్ల నగదే ఉంచుకోండి. బయలుదేరే ముందే బ్యాంకుకు ఫోన్ చేసి క్యాష్ అడ్వాన్స్ పరిమితిని వీలైనంత తగ్గించమనండి. దాని మీద వడ్డీ తీసుకున్న రోజు నుంచే పడుతుంది.