బ్యాటరీ లేని సెన్సర్‌ను నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. మా పాప నల్లగొండలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. వైరు, బ్యాటరీ లేకుండా టెంపరేచర్ చెప్పే సెన్సర్ల మీద ప్రాజెక్టు చేస్తానంటోంది, ఎంటెక్ కూడా అందులోనేనట. చుట్టాలేమో అమీర్‌పేటలో జావా నేర్పించమంటున్నారు. టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: ఈ సెన్సర్ అవసరం పాపకంటే మీకే బాగా తెలుసండీ. ఎండాకాలం లోడులో జాయింటు వదులై వేడెక్కితే ఏమవుతుందో చూసే ఉంటారు. యార్డులో అయితే థర్మల్ కెమెరాతో చూడొచ్చు. మూసి ఉన్న 11 కేవీ ప్యానెల్‌లో బస్‌బార్ (కరెంటు మోసే లోహపు పట్టీ) సంగతేంటి? వైరు లాగితే ఇన్సులేషన్‌కు ముప్పు. బ్యాటరీ పెడితే, అది అయిపోయినప్పుడు మార్చడానికి సప్లై ఆపాలి.

అలాంటి చోటికే ఇది. బయట ఉండే రీడర్ అనే పరికరం పంపిన రేడియో తరంగాన్ని సెన్సర్‌లోని క్వార్ట్జ్ లాంటి స్ఫటికం తన ఉపరితలం మీద పాకే ధ్వని తరంగంగా మారుస్తుంది. అది సెకనుకు మూడు నాలుగు కిలోమీటర్లే పోతుంది, రేడియో తరంగం కంటే దాదాపు లక్ష రెట్లు నిదానం. అందుకే చుట్టుపక్కల గోడల నుంచి వచ్చే ప్రతిధ్వనులన్నీ సద్దుమణిగాక దీని జవాబు వస్తుంది, రీడర్ దాన్ని విడిగా పట్టుకుంటుంది. వేడికి ఫ్రీక్వెన్సీ ఎంత జరిగిందో చూసి టెంపరేచర్ లెక్కగడుతుంది. వైద్యంలో స్ఫటికం బదులు కాయిల్, కెపాసిటర్ వాడే పద్ధతి ఉంది. గుండె జబ్బువారి ఊపిరితిత్తుల ధమనిలో అమర్చే కార్డియోమెమ్స్ సెన్సర్ అలాంటిదే. అమెరికా ఎఫ్‌డీఏ దానికి 2014లో అనుమతిచ్చింది.

ఇక ఉద్యోగం. ఈ సెన్సర్ పేరుతో ప్రకటనలు వస్తాయని ఆశపడొద్దు. ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ), యాంటెన్నా, ఎంబెడెడ్, ఇన్‌స్ట్రుమెంటేషన్ పేర్లతో వెతకాలి. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే పోస్టులు తక్కువే, దాచి లాభం లేదు. జావా కోసం ఇంట్లో గొడవ వద్దు; పైథాన్, సి గట్టిగా నేర్చుకోమనండి. సెన్సర్ సిగ్నల్‌ను లెక్కల్లోకి తేవడానికీ అవే కావాలి, సాఫ్ట్‌వేర్ దారీ తెరిచే ఉంటుంది. గేట్ మూడో ఏడాదిలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మంచి ర్యాంకు వచ్చి, ఆర్‌ఎఫ్ ల్యాబ్ ఉన్న చోట సీటు దొరికితేనే ఎంటెక్. ల్యాబ్ లేని ఎంటెక్‌కు రెండేళ్లు ధారపోయడం నాకిష్టం లేదు.

ప్రాజెక్టు చిన్నగా మొదలుపెట్టనివ్వండి. స్ఫటికం చిప్ చేయాలంటే క్లీన్‌రూమ్ (దుమ్ము లేని ప్రత్యేక ల్యాబ్) ఉండాలి, కాబట్టి కాయిల్ పద్ధతే మేలు. పీసీబీ మీద ఒక కాయిల్, దానికో కెపాసిటర్, పక్కన ఇంకో కాయిల్, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎలా స్పందిస్తుందో గీతగా చూపే, కొన్ని వేల రూపాయల నానోవీఎన్ఏ పరికరం చాలు. వేడికి విలువ మారిపోయే చవక సిరామిక్ కెపాసిటర్లను మామూలుగా మా ఎలక్ట్రానిక్స్ వాళ్లు తిట్టుకుంటారు, ఇక్కడ కావాల్సింది అవే! హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తుంటే స్క్రీన్ మీద గీతలోని గుంట పక్కకు జరగడం మీరూ చూడొచ్చు.

అది చూశాక పాప మీ ప్యానెల్‌లో పెట్టి చూద్దామంటుంది. మీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) అనుమతి, సప్లై ఆపినట్టు లైన్ క్లియర్ లేకుండా ఒప్పుకోకండి.