ఇంటిపేరుతో వెతకకండి

ప్రశ్న: మా ముత్తాత తమ్ముడు అప్పలస్వామి 1900 ప్రాంతంలో ‘నేటాలు’ వెళ్లాడని నాయనమ్మ చెప్పేది. వంశవృక్షంలో ఆయన పేరే లేదు. ఆచూకీ దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఆశ వదులుకోకండమ్మా. నేటాల్ అంటే దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం. 1860 నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి అక్కడి చెరకు తోటలకు మనవాళ్లను ఒప్పందం మీద తీసుకెళ్లారు. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసుకున్నారు. ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంటిపేరుతో మాత్రం వెతకకండి. చాలామందికి అది రాయనే లేదు. గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు కాబట్టి ‘అప్పల్‌సామి’ అనీ చూడండి. అక్కడ తాతగారి పేరే మనుమలకు ఇంటిపేరైన కుటుంబాలు ఎన్నో! శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. అందుకే గంజాం, విశాఖపట్నం రెండు జిల్లాల కిందా వెతకాలి.

ముందుగా ముత్తాత తండ్రి పేరు, సొంత ఊరు పాత దస్తావేజుల్లో చూసి పెట్టుకోండి. అప్పలస్వామి అనే పేర్లు అనేకం; తండ్రి పేరు కలిస్తేనే మీవాడని నమ్మండి. ఆయన వెంట భార్య వెళ్లి ఉంటే ఆమెకూ సొంత నంబరు ఉంటుంది. ఆ తల్లి పేరు కూడా వంశవృక్షంలో తప్పకుండా రాయండి.