జారే పొర గురించి రాసేటప్పుడు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

సెల్ఫ్ అసెంబుల్డ్ మోనోలేయర్ల (ఉపరితలం మీద తమంతట తామే పేరుకునే, ఒక్క అణువు మందం ఉన్న పొరల) మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం సాఫీగా నడుస్తోంది, ఎక్కడా తడబాటు లేదు. అయితే "కర్బన గొలుసు పొడవు పెరిగితే ఘర్షణ తగ్గుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకెళ్లిపోయావు. ఎందుకు తగ్గుతుందని పాఠకుడు అడిగేది సరిగ్గా అక్కడే.

ముందు పొరను దగ్గరగా చూపించు. బంగారు పూత ఉన్న పలకను ఆల్కేన్‌థయాల్ (ఒక చివర గంధకం ఉన్న కర్బన గొలుసు) ద్రావణంలో ముంచితే, అణువులు గంధకం ఉన్న తలను బంగారానికి అతికించుకుని కర్బన తోకను పైకి చాపి నిలబడతాయి. ఎవరూ పేర్చక్కర్లేదు. పక్కపక్క అణువుల మధ్య ఎడం అర నానోమీటరు. తోక మందం అంతకన్నా కాస్త తక్కువ. ఆ వెలితిని పూడ్చుకుని ఒకదానికొకటి ఆనుకోవడానికి తోకలన్నీ ఒకే వైపు సుమారు 30 డిగ్రీలు ఒరుగుతాయి. ఈ ఒరుగుడు నీ వ్యాసంలో అసలు లేదు. అది తెలియకపోతే తర్వాత చెప్పేదేదీ పాఠకుడికి అందదు.

ఇప్పుడు ఒక సన్నని మొన ఆ పొర మీద జారుతోందనుకో. దాన్ని లాగడానికి ఖర్చుపెట్టిన శక్తి ఎటు పోతోంది? రాస్తున్నంతసేపూ ఈ ప్రశ్నను వదలకు. తోకలు వంగుతాయి, మెలిపడతాయి, ఆ కదలికలు చివరికి వేడిగా మారిపోతాయి. పొడవైన తోకల్లో పక్కవాటితో వాండర్‌వాల్స్ ఆకర్షణ (దగ్గరగా ఉన్న అణువులు ఒకదాన్నొకటి లాక్కోవడం) బలంగా ఉంటుంది, మొన ఒత్తినా వరుస అంత తేలిగ్గా చెదరదు. శక్తి జారిపోయే దారులు తగ్గిపోతాయి. నాలుగైదు కర్బనాల పొట్టి తోకలకు ఆ పట్టు చాలదు. అవి అస్తవ్యస్తంగా ఉంటాయి, మెలిపడే వీలు ఎక్కువ, అందుకే ఘర్షణా ఎక్కువ. తోకలో ఎనిమిది, పది కర్బనాలు దాటి పట్టు కుదిరాక ఇంకా పొడవు పెంచినా ఘర్షణ మరింత తగ్గేది కొంచెమే. అంటే నీ వాక్యం సగం దూరం వరకే నిజం.

పొరను బ్రష్‌తో పోల్చావు. బ్రష్ పీచులు దేనికది విడిగా వంగుతాయి. ఇక్కడి విశేషమంతా తోకలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటంలోనే ఉంది. ఆ పోలిక తీసెయ్.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతిని నువ్వు ఒక్క వాక్యంలో ముగించావు. తోక కొసనున్న మీథైల్‌లోని మూడు హైడ్రోజన్ల చోట మూడు ఫ్లోరిన్లు పెడితే ఏమవుతుంది? ఫ్లోరిన్ ఉన్న ఉపరితలాలకు ఏదీ అంత సులభంగా అంటుకోదు కాబట్టి ఘర్షణ కూడా తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ 1997లో వెలువడిన కొలతల్లో అది దాదాపు మూడు రెట్లు పెరిగింది! ఫ్లోరిన్ కొస లావుగా ఉంటుంది. అదే ఇరుకు చోటులో పక్క కొసలతో ఒరుసుకుంటుంది. మొన జారేటప్పుడు అది తిరగాలన్నా పక్కకు తప్పుకోవాలన్నా ఎక్కువ శక్తి పడుతుంది. అంటుకోవడం వేరు, ఒరుసుకోవడం వేరు. ఈ తేడాకు ఒక పేరా మొత్తం ఇవ్వు, పాఠకుణ్ణి కాసేపు ఆశ్చర్యపోనివ్వు. కొసన ఆమ్లమో ఆల్కహాలో ఉండి, మొన మీదా అలాంటివే ఉంటే హైడ్రోజన్ బంధాలు ఏర్పడి ఘర్షణ పెరుగుతుందన్నది మాత్రం క్లుప్తంగా చెప్పినా చాలు.

చరిత్ర మరీ ఎక్కువైంది. రెండు మెట్లు ఉంచు: 1983లో శాస్త్రవేత్తలు నజ్జో, అల్లారా గంధకం ఉన్న సేంద్రియ అణువులతో బంగారం మీద క్రమమైన పొరలు ఏర్పడతాయని చూపించడం, 1987లో ఐబీఎం శాస్త్రవేత్తలు టంగ్‌స్టన్ మొనను గ్రాఫైట్ మీద జార్చి పరమాణువుల స్థాయిలో ఘర్షణను పట్టుకోవడం. ఇంకో మాట, కొలత ఇచ్చిన ప్రతిచోటా మొన దేనితో చేసిందో, ఎంత బరువు మోపారో కూడా రాయి. అవి మారితే అంకె మారుతుంది.

ఒకే తలకు రెండు తోకలున్న అణువుల ప్రస్తావన నీ వ్యాసంలో లేదు. వాటి పొరలు వదులుగా కుదురుతాయి, ఘర్షణ ఎక్కువగా కనిపిస్తుంది. అది ఫ్లోరిన్ పేరా తర్వాత వస్తే బాగుంటుంది. ఆ రెండు పేరాలూ రాసి ముందు నాకు పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య