ఓడుతున్న జట్టు పగ్గాలు చేతికొస్తే

వరుసగా ఐదు మ్యాచ్‌లు ఓడాక కెప్టెన్సీ మీకిచ్చారనీ, మీటింగ్ పెడితే ఒకరినొకరు తప్పుపట్టుకుంటున్నారనీ రాశారు. ముందు ఆ మీటింగులు ఆపేయండి. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని ఎవరి పని ఏమిటో తేల్చి చెప్పండి.

2001లో ఆస్ట్రేలియాతో మన జట్టు ఆడిన కోల్‌కతా టెస్టు చూడండి. ఫాలో ఆన్‌లో పడ్డాం, అంటే తొలి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సి వచ్చింది. తొలి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో 59 కొట్టిన లక్ష్మణ్‌ని కెప్టెన్ గంగూలీ, కోచ్ జాన్ రైట్ రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలో దింపారు. 281 కొట్టాడు. నాకైతే ద్రావిడ్ సంగతి ఇంకా గొప్పగా అనిపిస్తుంది: తన మూడో స్థానం వదిలి ఆరులో దిగి 180 చేశాడు. 171 పరుగులతో గెలిచాం.

మీరూ బ్యాటింగ్ ఆర్డర్ మార్చి చూడండి, కారణం మాత్రం వాళ్లకి ముందే చెప్పండి. క్యాచ్ వదిలినవాణ్ని దూరంగా పంపేయకుండా అక్కడే నిలబెట్టండి. రెండు మ్యాచ్‌లయ్యాక ఎలా ఉందో తప్పకుండా రాయండి.